మోటారుకారు పొగకూడలి: మరమ్మతుకు భాగముల ఎన్నిక

పొయ్యి మండుటకు గాలి ఎంత అవసరమో, పొగ పోవుటకు దారియు అంతే అవసరము. పొగ పోని వంటయింటిలో పొయ్యి సరిగా మండదు. మండినను అక్కడ మనిషి నిలువలేడు. మోటారుకారు ఇంజను విషయమున కూడ ఇదే న్యాయము. సిలిండరులలో పెట్రోలు మండిన పిదప మిగిలిన వేడి వాయువులు వెంటనే బయటికి పోవలెను. అట్లు పోవు దారిలో మొదటి మెట్టు ‘ఎగ్జాస్టు మానిఫోల్డు’. ఒక్కొక్క సిలిండరు నుండి వచ్చు పొగను వేరువేరు రంధ్రముల ద్వారా గ్రహించి, ఒకే గొట్టములోనికి చేర్చునది కనుక దీనిని పొగకూడలి యనవచ్చును. దాని తరువాత పొడవైన గొట్టము, శబ్దమును తగ్గించు సైలెన్సరు వచ్చును.

ఈ కూడలి చూచుటకు చాల సాదా వస్తువు. ఇందులో తిరుగు చక్రములు లేవు, కదలు మీటలు లేవు. ఒక పోత ఇనుప గొట్టము, దానికి ఇంజనుకు మధ్య ఒక ప్యాకింగు, కొన్ని స్టడ్లు, నట్లు, అంతే. అందుచే ఇది కారినప్పుడు చేతిపని తెలిసినవారు పలువురు మరమ్మతును ఇంటివద్దనే చేసికొందమని పూనుకొందురు. బజారునకు పోయి, పాతదానిని పోలిన ఒక నట్టును, పాతదానిని పోలిన ఒక ప్యాకింగును తెచ్చెదరు. కొన్ని వారములలో మరల కారుట మొదలగును. ఒక్కొక్కప్పుడు స్టడ్డు ఇంజను లోపలనే విరిగిపోయి, చిన్న ఖర్చుతో తీరవలసిన పని హెడ్డు విప్పువరకు వచ్చును. పొరపాటు వారి చేతిలో కాక, తెచ్చిన భాగములోనే యుండును. ఆ భాగము ఆకారములో పాతదానిని పోలినది. కాని వేడిలో పాతదానివలె పని చేయలేదు. ఈ మరమ్మతులో భాగమును ఆకారమును బట్టి గాక, వేడిలో అది చేయవలసిన పనిని బట్టి ఎన్నుకొనవలెను. అది ఎట్లో తెలిసికొనుటకు ముందు ఆ వేడి చేయు పనిని చూడవలెను.

వేడిమి చేయు పని

పెట్రోలు ఇంజను ఎక్కువ బరువు లాగుచున్నప్పుడు సిలిండరునుండి వెలువడు వాయువుల ఉష్ణోగ్రత 700 మొదలు 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉండవచ్చును. ఆ వాయువులు మొదట తాకునది మానిఫోల్డునే. ఒకవైపు లోపల ఈ జ్వాల, మరియొకవైపు బయట చల్లని గాలి. వర్షాకాలమున చక్రముల నుండి చిందు నీరు కూడ దానిపై పడును. మానిఫోల్డు బిగింపబడియున్న సిలిండరు హెడ్డు మాత్రము నీటిచే చల్లబరుపబడుచుండును గనుక దాని ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల దరినే నిలుచును. అనగా పక్కపక్కన బిగింపబడిన రెండు ఇనుప వస్తువులలో ఒకటి మిక్కిలి వేడెక్కును, రెండవది కొద్దిగా మాత్రమే వేడెక్కును.

ఘనపదార్థములు వేడిచే వ్యాకోచించునని ఉన్నత పాఠశాలలోనే నేర్చుకొందురు. పోత ఇనుము ఒక డిగ్రీ వేడెక్కినప్పుడు తన పొడవులో సుమారు 0.000011 వంతు పెరుగును. నాలుగు సిలిండరుల ఇంజనుకు మానిఫోల్డు పొడవు 40 సెంటీమీటరులని అనుకొందము. దాని ఉష్ణోగ్రత 30 డిగ్రీల నుండి 530 డిగ్రీలకు పెరిగినచో, వ్యాకోచము 400 × 0.000011 × 500, అనగా 2.2 మిల్లీమీటరులు. అంతే పొడవు గల పోత ఇనుప హెడ్డు 30 నుండి 100 డిగ్రీలకు పెరిగినచో, వ్యాకోచము 400 × 0.000011 × 70, అనగా సుమారు 0.3 మిల్లీమీటరు. ఈ రెండింటికి తేడా దాదాపు 1.9 మిల్లీమీటరులు. మానిఫోల్డు అంచు చల్లని హెడ్డును ఆనుకొని యుండుటచే నిజముగా ఈ తేడా పూర్తిగా రాదు. సగము వచ్చినను అది ఒక మిల్లీమీటరు దరిదాపు.

ఒక మిల్లీమీటరు చిన్నదిగా తోచవచ్చును. కాని దానిని ఆపుటకు యత్నించు స్టడ్డుకు అది చిన్నది కాదు. అందుకే మానిఫోల్డు మధ్యనుండు రంధ్రముల కంటె కొసలనుండు రంధ్రములను కొంత వెడల్పుగా చేయుదురు. వేడెక్కినప్పుడు అంచు ప్యాకింగుపై కొంచెము జారి, చల్లారినప్పుడు తిరిగి తన చోటికి వచ్చుటకే ఈ ఏర్పాటు. మానిఫోల్డును కదలకుండ బంధించుట బిగింపు ఉద్దేశము కాదు. పొగ కారకుండ నొక్కిపట్టుచు, కొలది కదలికకు చోటిచ్చుటయే దాని ఉద్దేశము. తుప్పుపట్టి గాని, అతిగా బిగించుటచే గాని ఆ జారుడు నిలిచిపోయినచో, ప్రతి ప్రయాణమునకు ఒకసారి కొస స్టడ్లు అటునిటు వంగుచుండును. ఇనుప తీగను అటునిటు పలుమార్లు వంచిన తెగును గదా! స్టడ్లలో కొసలనున్నవి ముందు విరుగుటకు కారణమిదే.

మానిఫోల్డు పగులుటకును ఇదే మూలము. వ్యాకోచింపబోయిన ఇనుమును రెండువైపుల పట్టి ఆపినచో, మెత్తబడిన ఆ వేడిలో అది లోలోన కొంచెము కుదించుకొనిపోవును. చల్లారునప్పుడు ఆ కుదింపు వదలదు. తన పూర్వపు పొడవుకంటె పొట్టిగా కావలెనని లాగును. పోత ఇనుము ఒత్తిడికి ఓర్చును గాని, లాగుడుకు ఓర్వదు. కావున చల్లారు వేళనే బీట తెరచుకొనును.

దోషమును గుర్తించుట

మానిఫోల్డు కారుచున్నదని చెప్పు మొదటి గుర్తు శబ్దము. ఉదయము చల్లని ఇంజనును నడిపినప్పుడు ‘టిక్ టిక్’ అను శబ్దము వినబడి, కొన్ని నిమిషములకు తగ్గిపోవును. వేడికి లోహము వ్యాకోచించి సందు మూసికొనుటయే అట్లు తగ్గుటకు కారణము. శబ్దము పోయినది కదాయని పలువురు ఊరకుందురు. మరునాటి ఉదయమున అది తిరిగి వచ్చును. రెండవ గుర్తు మసి. పొగ కారుచోట హెడ్డుపైనను, ప్యాకింగు అంచునను నల్లని చార యేర్పడును. ఇంజను పూర్తిగా చల్లారియుండగా కీలులపై సబ్బునీరు పూసి, వెనుకగొట్టము నుండి మెల్లగా గాలి పంపినచో కారుచోట బుడగలు లేచును. సైకిలు ట్యూబుకు పంక్చరు వెదకు పద్ధతియే యిది.

దీనిని చిన్న దోషమని ఉపేక్షింపరాదు. పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువును మోయు హీమోగ్లోబినుతో అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా కలియును. అట్లు కలిసినచో ప్రాణవాయువునకు చోటుండదు. మానిఫోల్డు ఇంజను గదిలో, ప్రయాణికులకు ముందుభాగముననే యుండుటచే, అక్కడ కారిన పొగ గాలి రంధ్రముల ద్వారా కారు లోపలికి రావచ్చును. దూరప్రయాణములో పిల్లలకు తలనొప్పి, వాంతి, మగత కలిగినచో దానిని ఎండ దెబ్బయనియో, ప్రయాణపు బడలికయనియో అనుకొనుట సహజము. పొగ కారుచున్న కారులో ఆ అనుమానము వేరొకవైపునకు పోవలెను. వెంటనే కారు ఆపి, అందరిని బయటి గాలిలోనికి తేవలెను. లక్షణములు తీవ్రముగా నున్నచో వైద్యునికి చూపవలెను. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపుట, అది మరమ్మతు కొరకైనను, ఎన్నటికిని తగదు.

కారు పేరు చాలదు

భాగములు కొనబోవువాడు మొదట తెలిసికొనవలసినది తన కారు పేరు కాదు, తన ఇంజను ఏదో. ఇందుకు అంబాసిడరు కారు మంచి ఉదాహరణము. బ్రిటనులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారలో దీనిని 1950ల చివర నుండి 2014 వరకు తయారుచేసిరి. బయటి రూపము అంతకాలమును పెద్దగా మారలేదు. లోపలి ఇంజను మాత్రము మారినది. చాలకాలము దానిలో నుండినది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి ‘బి శ్రేణి’కి చెందిన 1489 ఘన సెంటీమీటరుల పెట్రోలు ఇంజను. తరువాత డీజిలు ఇంజను వచ్చినది. 1990లలో జపాను దేశపు ఇసుజు నమూనాలైన 1817 ఘన సెంటీమీటరుల పెట్రోలు ఇంజను, 1995 ఘన సెంటీమీటరుల డీజిలు ఇంజను వచ్చినవి. ‘అంబాసిడరు మానిఫోల్డు ప్యాకింగు ఇవ్వుము’ అని అడిగినవానికి వీనిలో ఏదైనను చేతికి రావచ్చును.

మరచుట్లలోను తేడా గలదు. పాత బి శ్రేణి ఇంజనుకు అంగుళముల లెక్కన చేసిన మరలు. జపాను నమూనాలకు మిల్లీమీటరుల లెక్కన చేసినవి. 5/16 అంగుళముల మర వ్యాసము 7.94 మిల్లీమీటరులు, దానికి మిక్కిలి దగ్గరగానున్న మెట్రిక్ మర 8 మిల్లీమీటరులు. కంటికి రెండును ఒకటే. కాని 5/16 సన్నని మరలో అంగుళమునకు 24 చుట్లు, అనగా చుట్టు చుట్టుకు 1.06 మిల్లీమీటరు, ముతక మరలో 18 చుట్లు, అనగా 1.41 మిల్లీమీటరు, 8 మిల్లీమీటరుల సాధారణ మరకు 1.25 మిల్లీమీటరు. తప్పు నట్టు మొదటి ఒకటిరెండు చుట్లు చక్కగనే ఎక్కును. పిదప బిగిసిపోవును. అది తుప్పువలన కలిగిన బిగువని తలచి పానాతో బలము చూపినచో మర చెడును, లేదా స్టడ్డు విరుగును. వ్రేళ్ళతో త్రిప్పినప్పుడు నట్టు కడవరకు సాఫీగా పోవలెను. పోనిచో అది ఆ స్టడ్డుకు చెందినది కాదు. రెండు మరలను ఎదురెదురుగా పెట్టి వెలుతురుకు పట్టి చూచినచో చుట్లు ఒకదానిలో నొకటి ఇమిడినదియు లేనిదియు తెలిసిపోవును.

ప్యాకింగు

హెడ్డు ముఖమును, మానిఫోల్డు ముఖమును ఎంత నునుపుగా చేసినను వాని మధ్య సూక్ష్మమైన సందులుండును. వానిని నింపునదే ప్యాకింగు. బిగింపుకు అది నలిగి ఆ ఎగుడుదిగుడులలో కూర్చొనును. ఒకమారు నలిగినది మరియొకమారు అట్లే కూర్చొనదు. కావున మానిఫోల్డును విప్పిన ప్రతిసారి క్రొత్త ప్యాకింగు వేయవలెను. పాతది బాగుగనే యున్నదని తిరిగి వాడుట మిగిలిన శ్రమనంతయు వ్యర్థము చేయుట.

పూర్వము ఈ ప్యాకింగులను రాతినారతో, అనగా ఆస్‌బెస్టాసుతో చేయుచుండిరి. అది మంటకు చెడదు. కాని దాని సన్నని పోగులు ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరును కలిగించునని ఇప్పుడు నిస్సందేహముగా తెలిసినది. పాత దుకాణములలో ఏనాటివో సరుకులు దొరకినప్పుడు వానిని కొనకుండుట మేలు. పాత కారునుండి తీయు ప్యాకింగు రాతినారది కావచ్చును గనుక, దానిని పొడిగా గీకి దుమ్ము రేపరాదు, ఇసుక కాగితముతో రుద్దరాదు, గాలిగొట్టముతో ఊదరాదు. నీటితో తడిపి, తడిగా నుండగనే తీసి, సంచిలో మూసి పారవేయవలెను.

నేడు సన్నని ఉక్కు రేకునకు రెండువైపుల గ్రాఫైటు అద్దిన ప్యాకింగులును, పలుపొరల ఉక్కు రేకులతో చేసిన ప్యాకింగులును దొరకుచున్నవి. కొన్ని దుకాణములలో వీనికి బదులు ఎర్రని సిలికాను రబ్బరు పేస్టును చూపుదురు. అది నూనె తొట్టెకును, నీటి కీలులకును పనికివచ్చును. దాని శక్తి 300 డిగ్రీల పైన కొలదిదూరము మాత్రమే. పొగరంధ్రము ప్రక్కన అది కాలి పొడియగును.

కొనునప్పుడు పాత ప్యాకింగుపై క్రొత్తదానిని పెట్టి చూచుట వాడుక. కాని పాతది తప్పుదైనచో క్రొత్తదియు తప్పుదే యగును. అంతకంటె మంచి ఉపాయమొకటి గలదు. హెడ్డు ముఖముపై తెల్లకాగితము నుంచి, పెన్సిలు సీసమును అడ్డముగా రుద్దినచో, నాణెము అచ్చు దిగినట్లు రంధ్రముల అంచులన్నియు కాగితముపై దిగును. ఆ కాగితమును బజారునకు తీసికొనిపోవలెను. ప్యాకింగు రంధ్రము పొగరంధ్రము కంటె ఏ ప్రక్కను చిన్నది కారాదు. చిన్నదైనచో లోనికి పొడుచుకొనివచ్చిన అంచు పొగకు అడ్డుపడి, తానును కాలిపోవును.

స్టడ్లు, నట్లు

స్టడ్డు రెండు కొసల మర గల ఉక్కు కడ్డీ. ఒక కొస హెడ్డులో దిగును, రెండవ కొసపై నట్టు ఎక్కును. కొన్ని స్టడ్లకు హెడ్డులో దిగు కొసను ముతకగను, నట్టు వైపు సన్నగను మర తీయుదురు. పోత ఇనుము పెళుసు గనుక దానిలో ముతక మర గట్టిగా పట్టును. అట్టి స్టడ్డును తలక్రిందుగా బిగింపరాదు.

దుకాణదారులు ‘8.8 గట్టిది’ అని ఉక్కు బోల్టులను చూపుదురు. ఆ అంకెలు ఊరక వేసినవి కావు. మొదటి 8 చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటనుల లాగుడుకు గాని తెగదని చెప్పును. రెండవ 8 అందులో పదింట ఎనిమిది వంతుల వరకు శాశ్వతముగా సాగదని చెప్పును. కాని ఇది చల్లగా నున్నప్పటి బలము. కాచి, చల్లార్చి గట్టిపరచిన ఉక్కు అధిక వేడిలో దీర్ఘకాలము నుండినచో ఆ గట్టిదనమును కోల్పోవును. కనుక తలపైనున్న అంకె ఒక్కటి చాలదు. ఎగ్జాస్టు మానిఫోల్డు కొరకే చేసిన స్టడ్డును అడిగి తీసికొనవలెను.

నట్టు విషయమున పొరపాటు మరింత సులభము. వదులుగాకుండ లోపల నైలాను వలయము గల నట్లు సైకిలు మొదలు లారీ వరకు వాడుకలో నున్నవి. నైలాను 300 డిగ్రీలకు ముందే కరగిపోవును. ఇక్కడ అట్టి నట్టు ఒకనాటి ప్రయాణముతోనే మామూలు నట్టగును. మెరుపు కొరకు తుత్తునాగపు పూత వేసిన నట్లు మరియొక రకము. తుత్తునాగము 419 డిగ్రీలకు కరగును గనుక మిక్కిలి వేడియగు చోట ఆ పూత నిలువదు. తుప్పుపట్టని ఉక్కు స్టడ్డుపై తుప్పుపట్టని ఉక్కు నట్టు వేయుట మంచిదని తోచును; కాని ఆ రెండును ఒకదానినొకటి కరచిపట్టుకొని విప్పరానివగును.

పాత బ్రిటిషు ఇంజనులకు ఇత్తడి నట్లు వాడుట వాడుక. ఇత్తడికి ఉక్కుకు తుప్పు కలిసి పట్టదు. ఏనాడు విప్పినను నట్టు వచ్చును. ఇత్తడి మెత్తనిది గనుక అతిగా బిగించినచో ముందు చెడునది నట్టేగాని స్టడ్డు కాదు. నట్టు చెడినచో కొనవచ్చును, హెడ్డులోని మర చెడినచో ఆ పని పెద్దదగును. చౌకయైన భాగము ముందుగా లొంగవలెనను ఈ సూత్రము యంత్ర నిర్మాణములో పలుచోట్ల కనబడును. రాగిపూత గల ఉక్కు నట్లు కూడ నేడు దొరకును. మరలపై నికెలు పొడిగాని, రాగి పొడిగాని కలిసిన వేడి గ్రీజును పలుచగా పూయుట మేలు.

కొత్తదా, పాతదా, అతికినదా

ప్యాకింగు, స్టడ్లు, నట్లు క్రొత్తవే కావలెను. మానిఫోల్డు మాత్రము అట్లు కాదు. అది నలుగుటచే పని చేయునది కాదు. పగులు లేక, ముఖము చదునుగా నున్నంతవరకు పాతదియు పనికివచ్చును. తయారు నిలిచిన కార్లకు తరచుగా అదొక్కటే దారి. విజయవాడలో 1960లలో ఏర్పడిన ఆటోనగరు, సికింద్రాబాదులోని రాణిగంజు, చెన్నైలోని పుదుప్పేట, కలకత్తాలోని మల్లిక్ బజారు ఇట్టి భాగములకు పేరుపొందిన చోట్లు. అక్కడ గుట్టలుగా పడియుండు మానిఫోల్డులలో మంచిదానిని ఏరుటకు రెండు పరీక్షలు చాలును.

మొదటిది చెవి పరీక్ష. కుండ కొనబోవు ఇల్లాలు దానిని ఎత్తిపట్టి వ్రేళ్ళతో తట్టి వినును. ఖంగున మ్రోగినది మంచి కుండ. బద్దగా పలికినది బీటవారినది. మానిఫోల్డును త్రాటితో వ్రేలాడగట్టి చిన్న సుత్తితో తట్టినచో ఇదే భేదము వినబడును. పగులు వద్ద రెండు అంచులు రాచుకొని కంపన శక్తిని హరించుటచే మ్రోత వెంటనే అణగిపోవును.

రెండవది సుద్ద పరీక్ష. అనుమానమున్న చోటును తీగ కుంచెతో శుభ్రపరచి, కిరసనాయిలు పూసి, కొంతసేపటికి గుడ్డతో పూర్తిగా తుడిచివేయవలెను. తరువాత సుద్దపొడి చల్లవలెను. పగులు లేనిచో పొడి తెల్లగనే యుండును. ఉన్నచో, కేశాకర్షణము వలన సందులోనికి పోయిన కిరసనాయిలును సుద్ద పైకి పీల్చును. కంటికి కనబడని బీట ఒక తడి గీతగా బయటపడును.

ముఖము చదునుగా నున్నదో లేదో ఉక్కు కొలబద్దను నిలువుగా ఆనించి, దాని క్రింద ఫీలర్ గేజి రేకును దూర్చి చూడవలెను. ఎంత సందు వరకు క్షమింపదగునో ఆ ఇంజను మరమ్మతు పుస్తకములో నుండును. హద్దు మీరినచో యంత్రశాలలో ముఖమును చదును చేయించవచ్చును. ఇక్కడ బి శ్రేణి ఇంజనులో ఒక మెలకువ గలదు. దానిలో పెట్రోలు ఆవిరి పోవు గొట్టమును, పొగకూడలియు హెడ్డుకు ఒకే ప్రక్కన నుండును. మూడు పొగరంధ్రముల నడుమ రెండు పీల్చు రంధ్రములుండును. కొన్ని స్టడ్లపై ఒకే దళసరి వాషరు రెండింటి అంచులను కలిపి నొక్కును. రెండు అంచుల మందము సమానము కానిచో వాషరు ఒరిగి, ఒక వైపే నొక్కును. రెండవ వైపు కారును. కావున వేరొక కారునుండి తెచ్చిన మానిఫోల్డు అంచు మందమును కొనుటకు ముందే వెర్నియరుతో కొలువవలెను.

పగిలినదానిని అతికించుట సాధ్యమే గాని సులభము కాదు. పోత ఇనుములో నూటికి రెండు పాళ్ళకు మించిన కర్బనము గలదు. వెల్డింగు చేసినచోట అది త్వరగా చల్లారినచో గాజువలె పెళుసగును. ప్రక్కనే క్రొత్త బీట వచ్చును. భాగము నంతటిని ముందుగా కాచి, నికెలు కడ్డీతో అతికి, మెల్లగా చల్లార్చు పనివాడు దొరికినచో అతుకు నిలుచును. డబ్బాలలో అమ్ము లప్పము ఊరు చేరుటకు పనికివచ్చును. అదే మరమ్మతు కాదు.

క్రొత్త కార్లలో కొన్నింటికి పొగను శుద్ధిచేయు ఉత్ప్రేరక పరికరము మానిఫోల్డుతోనే కలిసియుండును. పొగలో ప్రాణవాయువును కొలుచు పరికరమును అక్కడనే యుండును. సందు నుండి బయటి గాలి లోనికి చేరినచో ఆ కొలత తప్పి, ఇంజనుకు పెట్రోలు అవసరమునకు మించి పోవును. అట్టి కార్లకు ఇంజను సంఖ్యను, భాగపు సంఖ్యను సరిచూడనిదే కొనరాదు.

బిగింపు

భాగములు సరియైనవైనను బిగింపు క్రమము తప్పరాదు. ఇంజను పూర్తిగా చల్లారవలెను. నట్లన్నింటిని ముందు వ్రేళ్ళతో ఎక్కించి, పిదప మధ్యనుండి కొసలకు, ఒకటి ఇటు ఒకటి అటు, రెండు మూడు విడతలుగా బిగించవలెను. కొసలనుండి మొదలుపెట్టినచో మధ్య భాగము ఉబికి ఆనదు. ఎంత బిగువో మరమ్మతు పుస్తకము చెప్పును. బిగువును కొలుచు పానాతో అంతవరకే బిగించవలెను. కొంత ప్రయాణము చేసి, ఇంజను చల్లారిన పిదప ఒకసారి సరిచూడవలెను. పాత స్టడ్డు విప్పునప్పుడు కదలనిచో, నూనె పోసి రాత్రంతయు నాననిచ్చి మరల యత్నించుట, బలము చూపుటకంటె చౌక. హెడ్డులో విరిగిన స్టడ్డును మాత్రము అనుభవజ్ఞునికి వదలుట వివేకము.

తరగతిలో

ఇందలి రెండు పరీక్షలను ఉపాధ్యాయులు తరగతిలో చూపవచ్చును. బీటవారిన పింగాణి కప్పును, మంచి కప్పును ప్రక్కప్రక్కన తట్టి మ్రోతలోని భేదమును విద్యార్థులచే వినిపించవలెను. అదే బీటపై కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి చల్లినచో గీత లేచును. దగ్గర మంట ఉండరాదు. 8 మిల్లీమీటరుల బోల్టును, 5/16 అంగుళముల నట్టును తెచ్చి, అది ఎన్ని చుట్లు ఎక్కి ఆగునో లెక్కింపుమని విద్యార్థులకు అప్పగింపవచ్చును. పిదప వెర్నియరుతో వ్యాసమును కొలిచి, ఆగుటకు కారణము వ్యాసమా, చుట్టు దూరమా యని వారినే చెప్పుమనవలెను.

వ్యాకోచము, కేశాకర్షణము, ద్రవీభవన స్థానము అను మాటలు పరీక్ష పత్రములో మార్కులు తెచ్చుచున్నవి. అవే మాటలు బజారులో ఇనుప సామాను గుట్ట ముందు నిలిచినవానికి ఏ నట్టు తీసికొనవలెనో, దేనిని వదలవలెనో చెప్పుచున్నవి. అక్కడ తప్పినచో పోవునవి మార్కులు కావు. ఆ కారులో కూర్చుండు ఇంటివారి క్షేమమే దానిపై ఆధారపడియున్నది.